రూపకల్పనకూ క్షేత్రానికీ నడుమ: డిజిటల్ పాలనపై రిచర్డ్ హీక్స్ పరిశోధన, విస్తరణ రంగానికి దాని పాఠాలు

సేద్య శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తొలినాళ్లలోనే పరిచయమయ్యే భావన దిగుబడి అంతరం. పరిశోధనా స్థానంలో ఒక వరి రకం ఇచ్చే దిగుబడికీ, అదే రకం రైతు పొలంలో ఇచ్చే దిగుబడికీ మధ్య ఉండే తేడా అది. ఆ తేడా కనిపించినప్పుడు మనం విత్తనాన్ని నిందించము, రైతునూ నిందించము. నేల స్వభావం, నీటి వసతి, నాటిన అదను, ఎరువుల మోతాదు, కలుపు, కూలీల లభ్యత, చేతిలోని పెట్టుబడి వంటి వాటిలో ఏది ఎంత తేడాకు కారణమో విడదీసి చూస్తాము. అయితే ఒక మొబైల్ యాప్ గానీ, సలహా సందేశాల సేవ గానీ, ఆన్‌లైన్ నమోదు పద్ధతి గానీ రైతుకు ఉపయోగపడనప్పుడు ఈ క్రమశిక్షణను పక్కన పెడతాము. 'రైతులలో అవగాహన కొరవడింది' అనే ఒక్క వాక్యంతో నివేదికను ముగిస్తాము.

అటువంటి వాక్యం రాసినవారిలో నేనూ ఒకడిని. కొన్నేళ్ల క్రితం ఖరీఫ్ వరికి దశలవారీగా సంక్షిప్త సందేశాలు పంపే ఒక సేవకు సాంకేతిక సమాచారం సమకూర్చే బృందంలో పనిచేశాను. నత్రజనిని మూడు సమభాగాలుగా చేసి ఆఖరి దమ్ములో, దుబ్బు చేసే దశలో, అంకురం ఏర్పడే దశలో వేయాలన్నది మనందరికీ తెలిసిన సిఫారసు. మేము మండలానికొక సగటు నాట్ల తేదీని తీసుకొని, అక్కడి నుంచి రోజులు లెక్కగట్టి సందేశాల పట్టిక తయారుచేశాము. ఆ ఏడు కాలువ నీరు ఆయకట్టు చివరి గ్రామాలకు బాగా ఆలస్యంగా చేరింది. అటువంటి ఒక గ్రామానికి వెళ్లినప్పుడు ఒక కౌలు రైతు నన్ను ఆపి అడిగారు: "నాట్లు పడి పది రోజులు కూడా కాలేదండి. అంకురం దశ యూరియా వేయమని మెసేజి వచ్చిందని మా ఆసామి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి చెప్పారు. బస్తాలు అరువు తెచ్చి పెట్టాను. వేయమంటారా సార్?"

వేయవద్దని చెప్పి వచ్చాను. అడిగే అవకాశం లేక వేసినవారి సంగతి మాత్రం మా నివేదికలో ఎక్కడా లేదు. ఆ చిన్న సందేశంలో రెండు ఊహలు దాగి ఉన్నాయి. మండలమంతటా ఒకే అదనులో నాట్లు పడతాయన్నది మొదటిది. పట్టాదారే సాగుదారుడన్నది రెండవది. ఆ పొలంలో రెండూ తప్పే. సిఫారసులో దోషం లేదు, ఫోనులోనూ దోషం లేదు. దోషమంతా ఆ రెండింటినీ కలిపిన రూపకల్పనలో ఉంది. ఈ విషయాన్ని పద్ధతి ప్రకారం ఆలోచించడానికి నాకు తోడ్పడినవి రిచర్డ్ హీక్స్ రచనలు. విస్తరణ శాస్త్రవేత్తలకూ, విద్యార్థులకూ వాటిని పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

హీక్స్ పరిశోధనా నేపథ్యం

హీక్స్ ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. వర్ధమాన దేశాల అభివృద్ధిలో సమాచార సాంకేతికత పాత్ర ఆయన అధ్యయన రంగం. భారతదేశంతో ఆయన పరిచయం పాతది. మన సాఫ్ట్‌వేర్ పరిశ్రమ ఎదుగుదలలో ప్రభుత్వ విధానాలు, సరళీకరణ పోషించిన పాత్రను విశ్లేషిస్తూ ఆయన రాసిన గ్రంథం 1996లో వెలువడింది. ఆ తరువాత ఆయన దృష్టి ప్రభుత్వ కార్యాలయాలలో కంప్యూటర్ల వినియోగం మీదికి మళ్లింది. డిజిటల్ పాలన అమలు, నిర్వహణలపై ఆయన రాసిన పాఠ్యగ్రంథం 2006లో వచ్చింది.

విస్తృత చర్చకు దారితీసింది మాత్రం 2003లో ఆయన ప్రచురించిన ఒక చిన్న పరిశోధనా పత్రం. వర్ధమాన దేశాలలో చేపట్టిన ఈ-గవర్నమెంట్ ప్రాజెక్టులలో సుమారు 35 శాతం పూర్తిగా విఫలమయ్యాయని, 50 శాతం పాక్షికంగా విఫలమయ్యాయని, విజయవంతమైనవి 15 శాతం మాత్రమేనని ఆయన అంచనా వేశారు. అప్పటికి అందుబాటులో ఉన్న సర్వేలు, ప్రాజెక్టుల అనుభవాల ఆధారంగా వేసిన స్థూలమైన అంచనా ఇది. కాబట్టి అంకెల కంటే వాటి వెనుక ఉన్న నిర్వచనాలు మనకు ముఖ్యం. అసలు అమలు కానిది, లేదా అమలైన వెంటనే మూలపడినది పూర్తి వైఫల్యం. అమలైనా ప్రధాన లక్ష్యాలు నెరవేరనిది, లేదా గణనీయమైన అవాంఛిత ఫలితాలను ఇచ్చినది పాక్షిక వైఫల్యం. సంబంధిత వర్గాలలో అత్యధికుల ప్రధాన లక్ష్యాలు నెరవేరి, చెప్పుకోదగిన చెడు ఫలితాలు లేనప్పుడే దానిని విజయం అనాలి. కొంతకాలం చక్కగా నడిచి, ఏడాది తిరిగేసరికి ఆగిపోయే ప్రాజెక్టులను ఆయన మరొక తరగతిగా చూపారు.

ఈ కొలతతో చూస్తే 'ఇన్ని లక్షల సందేశాలు పంపాము', 'ఇంతమంది యాప్ దిగుమతి చేసుకున్నారు' అనే లెక్కలు విజయానికి నిదర్శనాలు కావు. ఎకరాకు ఎన్ని కిలోల విత్తనం చల్లామో చెప్పి, ఎంత ధాన్యం పండిందో చెప్పకపోవడం వంటిదే ఇది.

ఏడు పార్శ్వాలు

వైఫల్యానికి హీక్స్ చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. ప్రతి డిజిటల్ వ్యవస్థ రూపకల్పనలోనూ అది పనిచేయబోయే ప్రపంచం గురించి కొన్ని ఊహలు ఉంటాయి. ఆ ఊహలకూ, వాస్తవ పరిస్థితులకూ మధ్య దూరం పెరిగేకొద్దీ వైఫల్య ప్రమాదం పెరుగుతుంది. దీనిని రూపకల్పన-వాస్తవ అంతరం అనవచ్చు. ఈ అంతరాన్ని ఆయన ఏడు పార్శ్వాలుగా విభజించారు. ఒక్కొక్క పార్శ్వానికి 0 నుంచి 10 వరకు మార్కులు వేయాలి. అంతరం లేకపోతే 0, పూర్తిగా ఉంటే 10. మేము నడిపిన సందేశాల సేవకు ఈ పద్ధతిలో నేను వేసుకున్న మార్కులు ఇవి.

1. సమాచారం: ప్రతి కమతంలో నాట్లు పడిన తేదీ, సాగు చేస్తున్న వ్యక్తి ఎవరో తెలిసినట్లు మా రూపకల్పన భావించింది. మా చేతిలో ఉన్నవి మండల సగటు, పట్టాదారుల జాబితా మాత్రమే. 9 మార్కులు.

2. సాంకేతికత: ఫోన్లు ఉన్నాయి, సందేశాలు చేరాయి. 2 మార్కులు.

3. పని విధానాలు: రైతు ఎరువు వేసే ముందు పొలం చూసుకుంటారు, పక్క రైతును అడుగుతారు, అరువు ఇచ్చే ఎరువుల దుకాణదారు మాట వింటారు. మా సందేశం ఒకవైపుగా వచ్చేది, దానిని తిరిగి ప్రశ్నించే వీలు లేదు. 7 మార్కులు.

4. లక్ష్యాలు, విలువలు: ఎక్కువ మందికి సందేశం పంపడం మా లక్ష్యం. తెచ్చిన పెట్టుబడి నష్టపోకుండా పంట గట్టెక్కడం రైతు లక్ష్యం. 6 మార్కులు.

5. సిబ్బంది, నైపుణ్యాలు: క్షేత్ర సిబ్బంది నాట్ల తేదీలను ఎప్పటికప్పుడు సరిదిద్దుతారని అనుకున్నాము. అప్పటికే వారి మీద అనేక నమోదుల భారం ఉంది. 5 మార్కులు.

6. నిర్వహణ వ్యవస్థలు: కాలువకు నీరు వదిలే తేదీలు ఒక శాఖ వద్ద, పంట సలహాలు మరొక శాఖ వద్ద ఉండేవి. రెండింటికీ అనుసంధానం లేదు. 7 మార్కులు.

7. ఇతర వనరులు: ప్రధానంగా కాలం, ధనం. సేవ స్థిరపడడానికి రెండు మూడు పంట కాలాలు కావాలి, నిధులు ఒక్క ఏడాదికే వచ్చాయి. 4 మార్కులు.

మొత్తం 70కి 40 మార్కులు. హీక్స్ కొలబద్ద ప్రకారం 57కు మించితే ప్రాజెక్టు విఫలం కావడం దాదాపు ఖాయం. 14 లోపు ఉంటే విజయావకాశం బాగా ఉన్నట్లు. 29 నుంచి 42 మధ్య ఉంటే పూర్తి వైఫల్యమో, పాక్షిక వైఫల్యమో జరగవచ్చు. మాకు జరిగినది రెండవదే. ఈ పట్టికలో నన్ను ఆలోచింపజేసింది మొత్తం మార్కులు కావు. అన్నిటికంటే తక్కువ అంతరం సాంకేతికతలో ఉంది, కాని మా సమావేశాలలో చర్చంతా సాంకేతికత మీదనే జరిగింది.

పరాయి నేలలో పాతుకోని మొక్క

పెద్ద అంతరాలు తరచుగా మూడు సందర్భాలలో ఏర్పడతాయని హీక్స్ గుర్తించారు. తర్కబద్ధంగా, యంత్రంలా నడిచే వ్యవస్థను ఊహించి, మనుషుల మధ్య బంధాలు, పలుకుబడి, భయాలు శాసించే చోట దానిని పెట్టడం మొదటిది. ప్రైవేటు సంస్థల కోసం తయారైన పద్ధతిని ప్రభుత్వ శాఖలో యథాతథంగా దించడం రెండవది. ఒక దేశంలో పుట్టిన వ్యవస్థను మరొక దేశానికి మార్పు లేకుండా తేవడం మూడవది.

ఇది మనకు కొత్త పాఠం కాదు. ఒక రకాన్ని విడుదల చేసే ముందు బహుళ ప్రాంత పరీక్షలు జరుపుతాము, ఆపై రైతుల పొలాల్లో చిరుసంచుల పరీక్షలు పెడతాము. ఒక నేలలో బాగా పండినంత మాత్రాన మరొక నేలలోనూ పండుతుందని ఎవరమూ అనుకోము. జన్యురూపానికీ వాతావరణానికీ మధ్య జరిగే పరస్పర చర్యను విద్యార్థులకు ఏళ్ల తరబడి బోధిస్తున్నాము. డిజిటల్ సేవల విషయంలో మాత్రం ఒక నమూనా జిల్లాలో ప్రారంభోత్సవం జరిగిన మరుసటి నెలలోనే రాష్ట్రమంతటికీ విస్తరించే తొందర కనిపిస్తుంది.

అంతరాన్ని తగ్గించిన రెండు అనుభవాలు

అంతరాన్ని తగ్గించడానికి రెండు దారులున్నాయి. రూపకల్పనను వాస్తవానికి దగ్గరగా జరపడం ఒకటి, వాస్తవాన్ని రూపకల్పనకు దగ్గరగా మార్చడం రెండవది. మొదటి దారికి తెలుగు నేల మీదనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. హీక్స్ చట్రాన్ని వాటికి అన్వయించి చూడడం నా ప్రయత్నం.

హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2004లో ఈ-సాగు అనే ప్రయోగాన్ని వరంగల్ జిల్లాలో పత్తి రైతులతో ప్రారంభించారు. గ్రామంలోనే ఉండే, చదువూ సాగు అనుభవమూ ఉన్న సమన్వయకర్తలు క్రమం తప్పకుండా పొలాలకు వెళ్లి ఫొటోలు తీసేవారు. నగరంలోని వ్యవసాయ నిపుణులు వాటిని చూసి ఆ పొలానికే వర్తించే సలహా ఇచ్చేవారు. అప్పట్లో గ్రామాల ఇంటర్నెట్ వేగం అన్ని ఫొటోలను మోయలేకపోయేది. అందుకని ఫొటోలను సీడీలలోకి ఎక్కించి కొరియర్‌లో పంపారు. తేలికైన రాతరూపంలోని సలహాలను మాత్రం ఇంటర్నెట్ ద్వారా తిరిగి చేర్చారు. నేటి విద్యార్థికి ఇది నవ్వు తెప్పించవచ్చు. కాని హీక్స్ 2002లో రాసిన మరొక వ్యాసంలో స్థానిక సర్దుబాటు అని పేర్కొన్నది సరిగ్గా ఇటువంటిదే. ఉన్న వసతికి తగినట్లు రూపకల్పనను మలచుకోవడం అందులోని విజ్ఞత. రైతు ప్రశ్న అడిగేదాకా ఆగకుండా పొలాన్నే నిపుణుడి ముందుకు తేవడం మరొక విజ్ఞత.

రెండవది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ వేతనాలు, సామాజిక పింఛన్ల చెల్లింపుకు తెచ్చిన బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 157 మండలాలలో, సుమారు 1 కోటి 90 లక్షల జనాభా ఉన్న ప్రాంతంలో యాదృచ్ఛిక పద్ధతిన ఈ కార్యక్రమాన్ని మదింపు చేశారు. 2016లో ప్రచురితమైన వారి ఫలితాల ప్రకారం కూలీలకు వేతనం త్వరగా అందింది, నిధుల దారి మళ్లింపు తగ్గింది. గమనించవలసినదేమంటే, రెండేళ్ల తరువాత కూడా కార్డుల ద్వారా జరిగిన చెల్లింపులు సుమారు సగమే. కార్డు లేనివారికి పాత పద్ధతిలో చెల్లింపులు కొనసాగాయి. వేలిముద్ర పడలేదన్న కారణంతో కూలిని ఖాళీ చేతులతో పంపే కఠిన నిబంధన ఆ రూపకల్పనలో లేదు. అసంపూర్ణమైన అమలును తట్టుకునే వెసులుబాటు ఉండడం ఆ విజయానికి దోహదం చేసిందని నా అభిప్రాయం.

కౌలు రైతు: యాప్ దాటలేని అగాధం

రెండవ దారి, అంటే వాస్తవాన్ని మార్చడం, ఇంత సులభం కాదు. మొదట చెప్పిన కౌలు రైతు సంగతే తీసుకుందాం. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారులకే అందింది, కౌలుదారులకు కాదు. పట్టాదారు పాస్‌పుస్తకాన్ని ఆధారం చేసుకున్న ఏ డిజిటల్ వ్యవస్థలోనైనా కౌలు రైతు కనిపించడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో అధీకృత సాగుదారుల చట్టం చేసి రుణ అర్హత కార్డులకు వీలు కల్పించింది. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం ద్వారా 11 నెలల కాలపరిమితి గల కార్డులకు వీలు కల్పించింది. ఆ కార్డుకు భూయజమాని అంగీకార పత్రం కావాలి. సంతకం చేస్తే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయం యజమానికి, సంతకం కోసం ఒత్తిడి చేస్తే వచ్చే ఏడు కౌలు పోతుందేమోనన్న భయం రైతుకు ఉన్నాయి.

ఈ అంతరం సాంకేతికతలో లేదు. ఎంత మంచి యాప్ తయారుచేసినా ఆ సంతకాన్ని అది తేలేదు. హీక్స్ చట్రం విలువ ఇక్కడే తెలుస్తుంది. సమస్య ఏ పార్శ్వంలో ఉందో అది చూపుతుంది, అక్కడ లేని పరిష్కారాన్ని మరొక పార్శ్వంలో వెతకవద్దని హెచ్చరిస్తుంది. కౌలు సంబంధాలను మార్చడం చట్టసభల పని. కాని పంట నమోదు సమయంలో పొలంలో ఎవరున్నారో నిజాయతీగా రాయడం, సలహా సందేశాలకు పట్టాతో సంబంధం లేకుండా సాగుదారు ఫోన్ నంబరునే తీసుకోవడం మన పరిధిలోని పనులు. ఎరువు సలహా పంపడానికి భూయజమాని సంతకం అవసరం లేదు.

పరిమితులు, కొత్త ప్రశ్నలు

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. మార్కులు వేసేవారిని బట్టి ఫలితం మారుతుంది. మా సేవకు నేను వేసిన 40, ఆ రైతు చేతిలో 55 అయ్యేదేమో. అందువల్ల అధికారి, సాఫ్ట్‌వేర్ నిపుణుడు, క్షేత్ర సిబ్బంది, రైతు వేరువేరుగా మార్కులు వేయాలి. వారి మార్కుల మధ్య తేడాయే మొదటి పాఠం అవుతుంది. మరొకటి, అంతరం పూర్తిగా లేని రూపకల్పన ఏ మార్పునూ తేలేదు. వాస్తవం ఎలా ఉందో అలాగే ఉంచడం అభివృద్ధి కాదు. ఎంత మార్పును ఒక్కసారిగా మోయగలమన్నది నిర్ణయించుకోవలసిన విషయం.

హీక్స్ ఆలోచన కూడా కాలంతోపాటు సాగింది. 2008లో ఆయన నూతన ఆవిష్కరణలను మూడు విధాలుగా వర్గీకరించారు: పేదల కోసం బయటివారు చేసేవి, పేదలతో కలిసి చేసేవి, పేదలే స్వయంగా చేసుకునేవి. 2022లో మరింత పదునైన ప్రశ్న వేశారు. డిజిటల్ వ్యవస్థకు వెలుపల ఉండిపోవడమే నష్టమా, లోపలికి చేరడం వల్ల కూడా నష్టం జరగవచ్చా? బలహీనులు వ్యవస్థలో చేరినా, వారి శ్రమ నుంచి, వనరుల నుంచి బలవంతులు అధిక లాభం పొందే స్థితిని ఆయన ప్రతికూల డిజిటల్ విలీనంగా వివరించారు.

ఈ ప్రశ్న నేడు మన గుమ్మంలోనే ఉంది. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 2న రూ.2,817 కోట్ల అంచనా వ్యయంతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అందులో భాగమైన అగ్రిస్టాక్‌లో రైతుల రిజిస్ట్రీ, గ్రామ పటాలు, సాగైన పంటల రిజిస్ట్రీ ఉన్నాయి. పంట, విస్తీర్ణం, భూమి వివరాలు ఒకే చోట చేరినప్పుడు రుణం, బీమా, సేకరణ సులభమయ్యే అవకాశం నిజమైనదే. ఆ సమాచారం విలువ ఎవరికి చేరుతుంది, తప్పు నమోదైతే రైతు ఎక్కడికి వెళ్లి సరిచేయించుకోవాలి, రిజిస్ట్రీలో లేని సాగుదారు గతి ఏమిటి అన్న ప్రశ్నలూ అంతే నిజమైనవి.

మనం చేయవలసినది

ఇటువంటి ప్రాజెక్టులకు రెండు వైపులా తెలిసిన మధ్యవర్తులు కావాలని, సాంకేతికతతోపాటు ఆ రంగపు పని తీరునూ ఎరిగినవారు కావాలని హీక్స్ నొక్కిచెప్పారు. పరిశోధనా స్థానానికీ పొలానికీ మధ్య వారధిగా ఉండడం విస్తరణ శాస్త్రవేత్త వృత్తిధర్మమే. కాబట్టి ఈ పాత్రకు మనకంటే తగినవారు అరుదు. అయితే ఆ వారధిని కట్టేందుకు యాప్ తయారై ప్రారంభోత్సవానికి సిద్ధమైన రోజున మనల్ని పిలిస్తే చాలదు. మొదటి సమావేశంలోనే మనకు చోటు ఉండాలి.

ఇందుకు నా సూచనలు మూడు. కొత్త డిజిటల్ సేవ ఏదైనా ఒక మండలం దాటే ముందు ఏడు పార్శ్వాల పట్టికను రైతుల సమక్షంలో నింపాలి. చిరుసంచుల పరీక్షలాగా దానిని కాలువ ఎగువ, దిగువ గ్రామాలలోనూ, మెట్ట ప్రాంతంలోనూ కనీసం రెండు పంట కాలాలు పరీక్షించాలి. విస్తరణ విభాగంలో పరిశోధన చేసే విద్యార్థులు ఎంతమంది యాప్ వాడుతున్నారన్న సర్వేతో ఆగకుండా, వాడడం మానివేసినవారిని వెతికి ఎందుకు మానారో అడగాలి. విఫలమైన ప్రయోగ ఫలితాలను కూడా ప్రచురించే సంప్రదాయం శాస్త్రానికి ఉంది. డిజిటల్ సేవల విషయంలోనూ అదే పాటిద్దాం.

మా సందేశాల సేవకు నేను రాసిన పాత నివేదికను ఇటీవల మళ్లీ చదివాను. అందులో అవగాహన కొరవడినది రైతులకని రాసి ఉంది. ఆ రైతుకు తన పొలంలో పైరు ఏ దశలో ఉందో స్పష్టంగా తెలుసు. ఆ సంగతి తెలియనిది మాకే.